అధికార మార్పిడి ఆదేశం: లైనక్స్‌లో 'ఎస్‌యూ' వైఫల్యాలు - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

లైనక్స్ వ్యవస్థలో ఒక వాడుకరి మరొక వాడుకరిగా మారడానికి ఉపయోగించే ఆదేశం 'ఎస్‌యూ'. 1971 నాటి యూనిక్స్ తొలి కరదీపికలోనే ఇది కనిపిస్తుంది. నేడు ఈ ఆదేశం విఫలమైనప్పుడు తెరపై వచ్చే సందేశం సాధారణంగా ఒక్క వాక్యం మాత్రమే. ఆ వాక్యం వెనుక ఉండే కారణాలు మాత్రం అనేకం. ఈ కారణాలలో చాలావరకు ఒక్కొక్కటి ఒక్కొక్క చారిత్రక నిర్ణయం నుండి పుట్టినవే. యంత్రంపై పూర్తి అధికారం ఎవరికి ఉండాలి, దానిని ఎలా కాపాడాలి అనే ప్రశ్నలకు వివిధ కాలాలలో ఇచ్చిన సమాధానాలు ఈ ఆదేశంలో పొరలుపొరలుగా నిలిచి ఉన్నాయి. ఆ పొరలను కాలక్రమంలో పరిశీలించి, వాటి ఆధారంగా దోషాన్వేషణకు ఒక క్రమాన్ని నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

ముఖ్యపదాలు: యూనిక్స్, లైనక్స్, ఎస్‌యూ, సెట్‌యూఐడీ, వీల్ సమూహం, పామ్, సుడో, రూట్.

1. ఉపోద్ఘాతం

భారతీయ కథాసంప్రదాయంలో పరకాయప్రవేశం అనే భావన సుపరిచితం. తన దేహాన్ని ఒకచోట భద్రపరచి, మరొకరి దేహంలో ప్రవేశించి, వారి అధికారాలన్నిటినీ అనుభవించి, తిరిగి స్వస్థానానికి రావడం ఆ విద్య స్వరూపం. 'ఎస్‌యూ' ఆదేశం చేసే పని దీనికి దగ్గరగా ఉంటుంది. వాడుకరి తన షెల్‌ను అలాగే ఉంచి, మరొకరి గుర్తింపుతో కొత్త షెల్‌లోకి ప్రవేశిస్తాడు. పని ముగిశాక అందులోంచి నిష్క్రమించి తన పూర్వస్థితికి వస్తాడు. కథలలోని విద్యకు మంత్రం అవసరమైనట్లే ఇక్కడ సంకేతపదం అవసరం.

అయితే మంత్రం సరిగానే ఉన్నా విద్య ఫలించని సందర్భాలుంటాయి. సంకేతపదం సరిగ్గా టైపు చేసినా 'ప్రమాణీకరణ విఫలమైంది' అనే అర్థమిచ్చే సందేశమే మళ్లీమళ్లీ వస్తుంది. వాడుకరి తన జ్ఞాపకశక్తినే అనుమానించుకుంటాడు. అసలు దోషం మరెక్కడో ఉంటుంది. సర్వర్ పనిచేస్తూనే ఉండి, దానిని సరిదిద్దవలసిన వ్యక్తి మాత్రం తలుపు బయట నిలిచిపోయే ఈ పరిస్థితిని అర్థం చేసుకోవాలంటే ఆ తలుపుకు ఎన్ని తాళాలున్నాయో, ఏ తాళాన్ని ఎవరు ఎప్పుడు వేశారో తెలియాలి.

2. పంచుకున్న యంత్రం - తొలి సంకేతపదాలు

ఒకే యంత్రాన్ని పలువురు ఏకకాలంలో వాడుకొనే పద్ధతిని 1961లో ఎంఐటీలో సీటీఎస్ఎస్ అనే వ్యవస్థ ద్వారా ప్రదర్శించారు. యంత్రం ఒకటై వాడుకరులు అనేకులైనప్పుడు ఎవరి ఫైళ్లు వారికే చెందాలన్న అవసరం ఏర్పడింది. సంకేతపదం ఈ అవసరం నుండి వచ్చింది. ఆ వ్యవస్థలోనే ఒక ప్రమాదం కూడా జరిగింది. సంకేతపదాల ఫైలును ఒకరు, ఆనాటి ప్రకటనను మరొకరు ఒకే సమయంలో సవరిస్తుండగా ఎడిటర్ రూపకల్పనలోని లోపం వల్ల రెండు తాత్కాలిక ఫైళ్లు తారుమారయ్యాయి. ఫలితంగా లాగిన్ అయిన ప్రతి వాడుకరి టెర్మినల్‌పైనా అందరి సంకేతపదాలూ అచ్చయ్యాయి. రహస్యాన్ని రహస్యంగానే నిల్వచేయడం ఎంత ప్రమాదకరమో ఈ సంఘటన తెలియజేసింది.

1969లో బెల్ ల్యాబ్స్ మల్టిక్స్ ప్రాజెక్టు నుండి వైదొలగిన తరువాత కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ తదితరులు యూనిక్స్‌కు రూపమిచ్చారు. 1971 నవంబరు 3 తేదీతో వెలువడిన తొలి కరదీపికలో 'ఎస్‌యూ' ఉంది. అప్పటికి దాని ప్రయోజనం ఒక్కటే: విశేషాధికారాలు గల వాడుకరిగా, అంటే 'సూపర్ యూజర్'గా మారడం. 1979 నాటి ఏడవ కూర్పు వచ్చేసరికి ఏ వాడుకరి పేరునైనా ఇచ్చి వారిగా మారే సౌలభ్యం ఏర్పడింది. దానితో పేరులోని 'ఎస్' అక్షరానికి 'సూపర్' అనే అర్థం వెనక్కి తగ్గి, 'బదులు' అనే అర్థమిచ్చే 'సబ్‌స్టిట్యూట్' ముందుకు వచ్చింది. అధికారాన్ని పొందే ఆదేశం గుర్తింపును మార్చే ఆదేశంగా పరిణమించింది.

3. సెట్‌యూఐడీ: అరువు తెచ్చుకున్న అధికారం

సాధారణ వాడుకరి నడిపే ప్రోగ్రాముకు ఆ వాడుకరి అధికారమే ఉంటుంది. మరి 'ఎస్‌యూ' మాత్రం మరొకరి గుర్తింపును ఎలా ఇవ్వగలుగుతుంది? ఈ ప్రశ్నకు సమాధానం రిచీ రూపొందించిన సెట్‌యూఐడీ బిట్. ఒక ఫైలుపై ఈ గుర్తు ఉంటే దానిని ఎవరు నడిపినా అది ఆ ఫైలు యజమాని అధికారంతో నడుస్తుంది. నడిపినవారి అసలు గుర్తింపు ఒకటి, నడుస్తున్న సమయంలో చెల్లుబాటయ్యే గుర్తింపు మరొకటి అనే విభజన దీనివల్ల సాధ్యమైంది. 1973లో దరఖాస్తు చేసిన ఈ ఆవిష్కరణకు 1979 జనవరిలో అమెరికా పేటెంటు లభించింది. తరువాత దానిని ప్రజల ఉమ్మడి ఆస్తిగా విడిచిపెట్టారు.

నేటి వైఫల్యాలలో మొదటి వర్గానికి మూలం ఇక్కడే ఉంది. 'ఎస్‌యూ' ఫైలు యజమాని రూట్ కావాలి. దాని అనుమతుల సంఖ్య సాధారణంగా 4755గా ఉండాలి. ఇందులో మొదటి 4 సెట్‌యూఐడీని సూచిస్తుంది. ఫైళ్ల వివరాలు చూపే ఆదేశం ఇచ్చినప్పుడు యజమాని అనుమతులలో 'ఎక్స్' ఉండవలసిన చోట 'ఎస్' కనిపించాలి. ఎవరైనా తొందరపాటుతో మొత్తం డైరెక్టరీకి 755 లేదా 777 అనుమతులు ఒక్కసారిగా వర్తింపజేస్తే ఆ 4 తొలగిపోతుంది. ఫైలు యజమానిని మార్చినా సాధారణంగా ఇదే జరుగుతుంది. బిట్ లేని 'ఎస్‌యూ' సంకేతపదాన్ని అడుగుతుంది. అయితే దానిని సరిచూడవలసిన ఫైలును చదివే అధికారం దానికి ఉండదు. కనుక సరైన సంకేతపదాన్నీ తప్పు సంకేతపదంలాగే తిరస్కరిస్తుంది.

ఫైలుపై బిట్ ఉన్నా చెల్లని సందర్భాలూ ఉన్నాయి. ఫైలు ఉన్న విభాగాన్ని 'నోసూయిడ్' ఐచ్ఛికంతో జోడించినట్లయితే కెర్నెల్ ఆ బిట్‌ను పట్టించుకోదు. 2012లో విడుదలైన 3.5 కెర్నెల్‌లో 'కొత్త అధికారాలు వద్దు' అనే అర్థమిచ్చే గుర్తును ప్రక్రియలకు ప్రవేశపెట్టారు. ఒక ప్రక్రియకు అది తగిలితే దాని సంతానమంతటికీ సెట్‌యూఐడీ పనిచేయదు. కంటైనర్లలో 'ఎస్‌యూ' విఫలం కావడానికి ఇది ఒక ముఖ్య కారణం. అంటే 1970లలో అనుగ్రహంగా భావించిన సౌలభ్యాన్ని నాలుగు దశాబ్దాల తరువాత అవసరమైనచోట ఉపసంహరించుకొనే ఏర్పాటు వచ్చిందన్నమాట.

4. నీడలోకి వెళ్లిన సంకేతపదం

తొలి యూనిక్స్‌లో సంకేతపదాలు ఉన్నవి ఉన్నట్లుగానే ఫైలులో ఉండేవి. రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లో ప్రచురించిన వ్యాసంలో ఈ పరిణామాన్ని వివరించారు. ఏడవ కూర్పులో డీఈఎస్ ఆధారంగా సంకేతపదాన్ని తిరిగి రాబట్టలేని రూపంలోకి మార్చారు. ఈ మార్పిడిని 25 పర్యాయాలు జరిపి, 12 బిట్ల 'ఉప్పు'ను చేర్చారు. ఒకే సంకేతపదాన్ని ఇద్దరు పెట్టుకున్నా ఫైలులో రెండు భిన్నరూపాలు కనిపించడానికి ఈ 'ఉప్పు' తోడ్పడుతుంది.

రూపం మారింది గనుక ఆ ఫైలును అందరూ చదవవచ్చునని భావించారు. కంప్యూటర్ల వేగం పెరిగేకొద్దీ ఈ విశ్వాసం సడలింది. 1988 నవంబరులో వ్యాపించిన మోరిస్ వార్మ్ ఇతర మార్గాలతో పాటు సంకేతపదాలను ఊహించే పద్ధతినీ అవలంబించింది. వాడుకరుల పేర్లను, తనతో తెచ్చుకున్న 432 పదాల జాబితాను అది ప్రయత్నించింది. దాని రచయిత పై మోరిస్ కుమారుడే కావడం చరిత్రలోని ఒక వైచిత్రి. ఇదే దశలో రహస్యరూపాలను రూట్ మాత్రమే చదవగల 'షాడో' ఫైలులోకి తరలించే పద్ధతి స్థిరపడింది.

లైనక్స్‌లో వాడుకరి సమాచారం ఒక ఫైలులోను, రహస్యరూపం షాడో ఫైలులోను ఉండడానికి నేపథ్యం ఇదే. షాడో ఫైలులో వాడుకరి పేరు పక్కన ఆశ్చర్యార్థకం లేదా నక్షత్రం గుర్తు ఉంటే ఏ సంకేతపదమూ దానితో సరిపోలదు. దానినే తాళం వేసిన ఖాతా అంటారు. షాడో ఫైలు అనుమతులు చెడినా, అందులో వాడుకరి పంక్తి లోపించినా 'ఎస్‌యూ' విఫలమవుతుంది.

5. వీల్ వివాదం: అధికారం కొందరిదా, అందరిదా?

సంకేతపదం తెలిసిన ప్రతివారూ రూట్ కావచ్చునా? బర్క్‌లీ యూనిక్స్ సంప్రదాయం దీనికి 'కాదు' అని సమాధానమిచ్చింది. 'వీల్' అనే సమూహంలో సభ్యులైనవారికే ఆ అవకాశం కల్పించింది. ఈ పేరు టెనెక్స్ వ్యవస్థలోని విశేషాధికార బిట్ నుండి వచ్చింది. ప్రాబల్యం గల వ్యక్తిని 'పెద్ద చక్రం' అని పిలిచే అమెరికన్ వ్యవహారం దానికి మూలం.

గ్నూ ప్రాజెక్టు దీనికి పూర్తిగా భిన్నమైన మార్గం ఎంచుకుంది. గ్నూ 'ఎస్‌యూ' వీల్ సమూహాన్ని ఎందుకు గుర్తించదో వివరిస్తూ రిచర్డ్ స్టాల్‌మన్ కరదీపికలోనే ఒక భాగం రాశారు. 1984లో ఎంఐటీ కృత్రిమ మేధ ప్రయోగశాలలో కొందరు వాడుకరులు ట్వెనెక్స్ వ్యవస్థ నిర్వాహక సంకేతపదాన్ని మార్చి, దానిని ఇతరులకు తెలియకుండా దాచి, అధికారాన్ని హస్తగతం చేసుకోవడానికి ప్రయత్నించారని, తాను కెర్నెల్‌ను సవరించి ఆ ప్రయత్నాన్ని భగ్నం చేశానని ఆయన అందులో పేర్కొన్నారు. అధికారంలో ఉన్నవారిలో ఒకరు సానుభూతితో సంకేతపదాన్ని సామాన్య వాడుకరులకు తెలియజేసినా, వీల్ నిబంధన ఉంటే అది వారికి నిష్ప్రయోజనం. కనుక ఆ నిబంధన పాలకుల పక్షం వహిస్తుందన్నది ఆయన వాదసారం.

సాంకేతిక కరదీపికలో రాజకీయ తత్త్వం ఇంత సూటిగా వ్యక్తం కావడం అరుదు. ఈ వాదంలోని బలాన్ని, పరిమితిని రెండింటినీ గుర్తించవలసి ఉంది. విశ్వవిద్యాలయ ప్రయోగశాలలో వాడుకరులు ఒక సమాజం. అక్కడ అధికార కేంద్రీకరణ నిజంగానే ప్రమాదం. బ్యాంకు లావాదేవీలను, ఆసుపత్రి రికార్డులను భద్రపరిచే యంత్రంలో మాత్రం సంకేతపదం లీకైతే నష్టపోయేది ఆ యంత్రాన్ని ఎన్నడూ తాకని సామాన్యుడే. చివరకు లైనక్స్ ప్రపంచం మధ్యేమార్గాన్ని అనుసరించింది. వీల్ నిబంధనను ఆదేశంలో కాక విడి మాడ్యూలులో ఉంచి, దానిని అమలుచేయాలో వద్దో నిర్వాహకుల ఇష్టానికి వదిలింది. ఎక్కువ పంపిణీల(డిస్ట్రోల)లో ఆ పంక్తి వ్యాఖ్యగా నిద్రాణస్థితిలో ఉంటుంది. దానిని మేల్కొలిపిన యంత్రంలో వీల్ సభ్యత్వం లేనివారికి సరైన సంకేతపదం ఇచ్చినా 'అనుమతి లేదు' అనే అర్థం గల సందేశం వస్తుంది. ఇది 'ప్రమాణీకరణ విఫలం' కంటే భిన్నమైన సందేశం. దోషాన్వేషణలో ఈ భేదం కీలకమైనది.

6. పామ్: నిర్ణయం చేతులు మారడం

1990ల మధ్యకాలం వరకు ప్రతి ప్రోగ్రామూ సంకేతపదాన్ని తానే సరిచూసుకొనేది. పద్ధతి మారితే ప్రోగ్రాములన్నిటినీ మార్చవలసి వచ్చేది. సన్ మైక్రోసిస్టమ్స్‌కు చెందిన ఇంజినీర్లు 1995లో ప్రతిపాదించిన 'పామ్' ఈ బాధ్యతను వేరుచేసింది. మరుసటి సంవత్సరానికే రెడ్ హ్యాట్ లైనక్స్ దీనిని స్వీకరించింది. నాటి నుండి 'ఎస్‌యూ' స్వయంగా నిర్ణయం తీసుకోదు. తన పేరున ఉన్న పామ్ అమరిక ఫైలులోని మాడ్యూళ్లను వరుసగా సంప్రదించి వాటి తీర్పును ప్రకటిస్తుంది.

ఈ మాడ్యూళ్లలో ఒకటి 'రూట్‌ఓకే'. అడుగుతున్నది రూటే అయితే అది సంకేతపదం లేకుండా అనుమతిస్తుంది. మరొకటి 'ఫెయిల్‌లాక్'. దీనిని అమర్చినచోట, మార్చకుండా వదిలిన విలువల ప్రకారం 3 తప్పు ప్రయత్నాల తరువాత ఖాతా 600 సెకన్లపాటు మూసుకుపోతుంది. ఆ వ్యవధిలో సరైన సంకేతపదం ఇచ్చినా చెల్లదు. ఆతురతతో మళ్లీమళ్లీ ప్రయత్నించేవారికి ఈ నిబంధన తెలియకపోతే తమ ప్రయత్నమే తమకు అడ్డుగోడ అవుతుంది.

7. తాళం వేసిన రూట్, మారిన తోవ

'ఎస్‌యూ'కు ప్రత్యామ్నాయమైన 'సుడో' 1980 ప్రాంతంలో బఫెలోలోని న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో పుట్టింది. రెండింటి మధ్య మౌలిక భేదం ఒకటుంది. 'ఎస్‌యూ' ఎవరిగా మారాలో వారి సంకేతపదాన్ని అడుగుతుంది. 'సుడో' అడిగేవారి సొంత సంకేతపదాన్నే అడిగి, వారికి అనుమతి ఉందో లేదో జాబితాలో చూస్తుంది. పలువురు ఒకే రహస్యాన్ని పంచుకోవలసిన అవసరం దీనితో తప్పింది. 2004 అక్టోబరులో వెలువడిన ఉబుంటు 4.10 ఈ పద్ధతినే స్వీకరించి రూట్ ఖాతాకు తాళం వేసింది. అందువల్ల ఉబుంటులో కొత్తవారు రూట్ కోసం 'ఎస్‌యూ' వాడి, తమ సంకేతపదం ఇచ్చి, విఫలమై తికమకపడడం సాధారణం. అక్కడ లోపమేమీ లేదు. రూట్‌కు సంకేతపదమే లేదు.

మరొక మార్పు డెబియన్ లో సంభవించింది. 2019లో వచ్చిన డెబియన్ 10లో 'షాడో' ప్యాకేజీలోని 'ఎస్‌యూ' స్థానంలో 'యుటిల్-లైనక్స్' ప్యాకేజీలోని 'ఎస్‌యూ' చేరింది. పాత ఆదేశం రూట్‌గా మారినప్పుడు ఆదేశాలను వెదికే 'పాత్' జాబితాను కూడా మార్చేది. కొత్తది అలా మార్చదు. గుర్తింపు మారినా పరిసరం పాతదే. ఫలితంగా రూట్ అయిన తరువాత కూడా నిర్వహణ ఆదేశాలు 'కనబడలేదు' అని వస్తుంది. ఆదేశం తరువాత ఒక అడ్డగీత చేర్చితే పూర్తి లాగిన్ షెల్ ఏర్పడి సమస్య తొలగుతుంది. ఇన్నాళ్లూ గీత లేకుండానే పని జరుగుతూ వచ్చినవారికి ఈ వైఫల్యం అకారణంగా తోచడం సహజం.

8. దోషాన్వేషణ క్రమం

పై చరిత్ర నుండి ఒక క్రమం రూపొందుతుంది. మొదట గమనించవలసింది సందేశంలోని మాటలు. అది ప్రమాణీకరణ వైఫల్యమా, అనుమతి నిరాకరణా, ఖాతా అందుబాటులో లేదన్న ప్రకటనా అన్నది వేరుచేయాలి. మూడవదైతే ఆ వాడుకరికి 'నోలాగిన్' షెల్‌గా నియమితమై ఉంటుంది. సేవల కోసం సృష్టించిన ఖాతాలకు ఇది ఉద్దేశపూర్వకమైన ఏర్పాటు. 'వనరు తాత్కాలికంగా లభ్యం కాదు' అన్నట్లయితే ఆ వాడుకరి ప్రక్రియల సంఖ్య తన పరిమితికి చేరిందని భావించవచ్చు.

రెండవది దిశ. రూట్ నుండి సామాన్య వాడుకరిగా మారడం సాధ్యమై, విలోమం విఫలమైతే దోషం సంకేతపదంలోనో, తాళంలోనో, వీల్ నిబంధనలోనో, సెట్‌యూఐడీ బిట్‌లోనో ఉంటుంది. రూట్ నుండి కూడా విఫలమైతే షెల్, ఖాతా గడువు, పరిమితులు, పామ్ అమరిక అనే వాటిని పరిశీలించాలి.

మూడవది నమోదు పుస్తకం. డెబియన్ కుటుంబంలో 'ఆథ్ లాగ్', రెడ్ హ్యాట్ కుటుంబంలో 'సెక్యూర్' అనే ఫైలు, లేదా సిస్టమ్‌డీ జర్నల్ చూడాలి. తెరపై దాచిన కారణాన్ని పామ్ చాలావరకు అక్కడ నమోదు చేస్తుంది. తెరపై వివరం తక్కువగా ఉండడం లోపం కాదు. అపరిచితునికి ఆధారం దొరకకూడదన్న జాగ్రత్త అది.

తెలుగు వాడుకరులకు ప్రత్యేకంగా వర్తించే కారణం ఒకటుంది. ఇన్‌స్క్రిప్ట్ వంటి తెలుగు కీబోర్డు అమరిక చేతనంగా ఉండగా సంకేతపదం టైపు చేస్తే తెలుగు అక్షరాలు వెళతాయి. టెర్మినల్ సంకేతపదాన్ని చుక్కలుగానైనా చూపదు కనుక పొరపాటు కంటికి కనబడదు. సాధారణ ఆదేశపంక్తిలో రెండు మూడు అక్షరాలు టైపు చేసి చూసుకుంటే ఈ సందేహం తీరుతుంది.

సెట్‌యూఐడీ బిట్ పోయిన సందర్భం వీటన్నిటిలో కఠినమైనది. అదే పొరపాటు వల్ల 'సుడో' బిట్ కూడా పోయి ఉండవచ్చు. అప్పుడు సరిదిద్దే అధికారం పొందే రెండు దారులూ ఒకేసారి మూసుకుంటాయి. అయితే యంత్రం ముందు కూర్చొని కన్సోల్‌లో నేరుగా రూట్‌గా లాగిన్ కావచ్చు. అక్కడ లాగిన్ ప్రోగ్రామును రూటే ప్రారంభిస్తుంది గనుక దానికి ఆ బిట్ అవసరం లేదు. రూట్‌కు తాళం వేసి ఉంటే కొన్ని పంపిణీలలో రక్షణ స్థితి కూడా ప్రవేశం నిరాకరిస్తుంది. అప్పుడు లైవ్ యూఎస్‌బీ ద్వారా యంత్రాన్ని ప్రారంభించి, డిస్కును జోడించి, 4755 అనుమతులను పునరుద్ధరించాలి.

9. ముగింపు

2024లో వచ్చిన సిస్టమ్‌డీ 256 'రన్‌జీరో' అనే ఆదేశాన్ని పరిచయం చేసింది. అది సెట్‌యూఐడీపై ఆధారపడదు. వాడుకరి కోరికను అప్పటికే రూట్ అధికారంతో నడుస్తున్న సేవకు విన్నవిస్తుంది. అధికారాన్ని చేతికివ్వడం నుండి అధికారం గల వారిచేత పని చేయించుకోవడం వైపు ఇది ఒక అడుగు. యాభై ఏళ్లకు పైగా సాగిన ప్రస్థానంలో ఇది చివరి మజిలీ అని చెప్పలేము.

'ఎస్‌యూ' వైఫల్యాలను ఈ దృష్టితో చూసినప్పుడు కొన్ని అంశాలు స్పష్టమవుతాయి. ఎక్కువ సందర్భాలలో ఆదేశం చెడిపోలేదు. ఎవరో ఎప్పుడో పెట్టిన నిబంధనను అది నమ్మకంగా పాటిస్తోంది. కనుక నిబంధనను తెలుసుకోకుండా తాళం పగలగొట్టడం పరిష్కారం కాదు. అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే 777 వంటి ఉపాయాలు ఉన్న బిట్‌ను కూడా పోగొడతాయన్నది పైన చూసినదే. ప్రవేశం నిరాకరించినది ఏ పొర అని అడగడం దోషాన్వేషణకు తొలి మెట్టు. ఆ పొరను అక్కడ ఎందుకు ఉంచారని అడగడం చరిత్ర రచనకు తొలి మెట్టు. ఈ ఆదేశం విషయంలో రెండు ప్రశ్నలకూ సమాధానం ఒకేచోట లభిస్తుంది.